డెబ్బై నాలుగో బిళ్ళ

రిపోర్టు కాగితాలను విజయేందర్ టీపాయ్ మీద పరిచిన తీరు చూస్తే, పేకాటలో ఆట చెప్పి ముక్కలు దించినవాడిలా ఉన్నాడు.

"సదువుకో మేడం. ఎర్రగున్నయి సాలు. నల్లగున్న వాటితోని మనకు పనిలేదు."

స్వరూప కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుంది. కరీంనగర్‌లో ఆమె డిటెక్టివ్ ఆఫీసు తెరిచి పదేళ్ళు దాటింది. వచ్చే కేసుల్లో ముప్పావు వంతు పెళ్ళి సంబంధాలవే. పిల్లగాడు తాగుతాడా, ఇల్లు సొంతమా కిరాయా, పెద్ద ఆడపడుచు నోరు ఎంత పొడుగు, ఇవీ ఆమె ఛేదించే రహస్యాలు. ఇన్నేళ్ళలో వరుల జీతాలు చూసింది, జాతకాలు చూసింది, ఒకసారి గ్లాసులో వేసిన కట్టుడు పళ్ళు కూడా చూసింది. వరుడి నెత్తురు చూడమని మాత్రం ఎవరూ అడగలేదు. ఇదే మొదలు.

వరుడి వయసు అరవై నాలుగు. పేరు పేతురు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు దిగి రిటైరయ్యాడు, భార్య పోయి చాలాకాలమైంది. వధువు క్యాథరిన్ టీచరమ్మ మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి నిరుడే రిటైరైంది. ఇంతవరకు పెళ్ళి జోలికి పోలేదు. మందమర్రి చర్చిలో మూడు ఆదివారాలు వరసగా ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పమన్నారు. ఎవరూ చెప్పలేదు. పెళ్ళి ఎల్లుండి శనివారం. అభ్యంతరం మాత్రం తీరిగ్గా ఇవాళ, గురువారం మధ్యాహ్నం, టీపాయ్ మీద వచ్చి పడింది.

దాన్ని తవ్వి తీసింది విజయేందర్. కరీంనగర్‌లోనే ఇంకో డిటెక్టివ్. అతని ఆఫీసుకు ఏసీ ఉంది, విజిటింగ్ కార్డుకు బంగారు అంచు ఉంది, స్వరూప దగ్గర లేనివి ఆ రెండే అని అతని నమ్మకం. అతన్ని పెట్టుకున్నది పేతురు కొడుకు అనిల్ కుమార్. స్వరూపను పెట్టుకున్నది టీచరమ్మ. ఇద్దరు డిటెక్టివులూ ఇప్పుడు మందమర్రిలో అనిల్ ఇంట్లో ఒకే సోఫాలో, మధ్యలో ఒక దిండు సరిహద్దుగా కూర్చున్నారు.

ఎర్రక్షరాలు నిజంగానే బాగా లేవు. చెడ్డ కొలెస్ట్రాల్ హద్దు దాటింది. పుట్టుకతో వంశంలో వచ్చే లైపోప్రొటీన్ ఒకటి రెండింతలు దాటింది. అన్నిటికంటే కింద, ఎర్రగా, మందంగా ఉంది సీఆర్పీ. మూడు దాటితేనే గుండెకు ప్రమాదమని పక్కన రాసి ఉంది. ఇక్కడ తొమ్మిది.

"మా బాపు రక్తనాళాలల్ల వాపున్నదట మేడం" అన్నాడు అనిల్. మనిషి మూడు రోజులుగా నిద్రపోయినట్టు లేడు. "రేపు పొద్దుగాల హైదరాబాద్ తీస్కపోత. యాంజియో చెయ్యాలె, అవసరమైతె స్టెంటు వెయ్యాలె. పెండ్లి ఇప్పుడు గాదు."

"బాపు ఏమన్నడు?"

"నాకేం గాలేదంటడు. నిన్నట్నుంచి నాతోని మాట్లాడ్తలేడు."

"టీచరమ్మను మోసం చేస్తుండు" అన్నాడు విజయేందర్. "రోగం దాచి పెండ్లి. ఐదు గొట్టంగ చర్చి కమిటీ కూసుంటది. గీ కాగితం వాళ్ళ ముంగట పెడ్త. బుధవారం నుంచి శ్రమకాలం, ఉపవాసాల నలభై దినాలు చర్చిల పెండ్లిళ్ళు లేవు. అటెనుక ఎండలు. ఇగ పెండ్లెక్కడిది?"

అనిల్ భార్య టీ తెచ్చింది. విజయేందర్ చేయి అడ్డం పెట్టాడు.

"నాకు సక్కెర లేకుంట చెల్లె."

స్వరూప కప్పు నోటి దగ్గర ఆగింది. "ఎప్పట్నుంచన్నా? నువ్వు సక్కెరల ఛాయ కలుపుకునెటోనివి గదా."

"ఏం జేస్త. మొన్న రక్తం సూపిచ్చుకున్న. ఖాందాన్‌ల ఎన్నడు లేంది, షుగర్ అన్నరు. గుండె మాత్రం ఇరవై ఏండ్ల పిల్లగాని లెక్కున్నదట." విజయేందర్ జేబులోంచి తెల్లటి గోలీ తీసి నోట్లో వేసుకుని చప్పరించాడు. "గ్యాసుది. గ్యాసైతే మా ఖాందాన్ ఆస్తి. మా బాపు, మా పెద్దన్న, అందరం పంచుకున్నం."

స్వరూప మళ్ళీ కాగితాల్లోకి చూసింది. వంటింట్లో ఇరవై ఏళ్ళు గడిపినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. పొంగిన పాలగిన్నెను అందరూ చూస్తారు. పక్క పొయ్యి మీద చప్పుడు లేకుండా ఉన్న గిన్నెను ఆ ఇంటి ఇల్లాలు ఒక్కతే చూస్తుంది. అందుకే ఆమె ఎర్రక్షరాలు వదిలి నల్లక్షరాలు చదవడం మొదలుపెట్టింది. హిమోగ్లోబిన్, బాగుంది. థైరాయిడ్, బాగుంది. మూడు నెలల షుగర్ సగటు, ఐదు పాయింట్ రెండు. చాలా బాగుంది.

మరీ బాగుంది.

"అనిల్, బాపుకు షుగర్ ఉన్నది గదా? అల్మారి మీద గా గోలీలు ఆయనవే గదా?"

"పదిహేనేండ్లాయె. ఎనిమిదికి తగ్గది ఎన్నడు. ఈసారే మంచిగొచ్చింది." ఇంత బాధలోనూ అనిల్ ముఖంలో కాస్త గర్వం కనిపించింది. "మా ఆమె సంక్రాంతి అయినకాంచి కొర్రల అన్నం పెడ్తంది."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అనిల్ భార్య కొంగు సవరించుకుంది. కొర్రల విజయం ఆమె ముఖమంతా పరుచుకుని ఉంది. దాన్ని తుడిచెయ్యాలంటే స్వరూపకు మనసొప్పలేదు. ఫోన్ తీసుకుని వాకిట్లోకి నడిచింది.

డాక్టర్ కోమల డిగ్రీలో స్వరూప పక్క బెంచీ. ఇప్పుడు కరీంనగర్‌లో గుండె డాక్టరు. ఫోనెత్తగానే, "ఎవరి గుట్టు లాగుతున్నవే?" అంది.

"గుట్టు గాదు, గుండె. మందమర్రిల ఉన్న. సీఆర్పీ అంటే ఏందో మా అత్తకు చెప్పినట్టు చెప్పు."

"ఒంట్ల ఎక్కడన్న మంట పుడితే కాలేయం రక్తంలకు వదిలే పదార్థమది. నువ్వు బొగ్గు ఊర్లనే ఉన్నవు గదా, అక్కడోళ్ళనడుగు. బాయిల బొగ్గు లోలోపల కాగుతుంటే నిప్పు కనపడక ముందే గాలిల గ్యాసు తెలుస్తది. ఇదీ అంతే. రక్తనాళం గోడల కొవ్వు చేరి, అది వాచి కాగుతుంటే, ఇది పెరుగుతది. గని పొగ చూసి పొయ్యేదో చెప్పలేవు. పన్ను వాచినా పెరుగుతది, జ్వరమొచ్చినా పెరుగుతది. అదొక్కటి చూసి ఎవరు స్టెంటు వెయ్యరు."

"పక్కన కొలెస్ట్రాలు, లైపోప్రొటీన్ సుత ఎక్కువుంటే?"

కోమల గొంతులో సరదా కొంచెం తగ్గింది. "అప్పుడు ఆ మనిషిని జర పట్టించుకోవాలె. నొప్పి, చెమట, ఆయాసం ఏమన్న ఉన్నదా?"

"లేదు. ఢోలక్ వాయిస్తడు. ఇంకోటి చెప్పు. పదిహేనేండ్ల షుగర్ మనిషికి మూడు నెలల సగటు ఐదు పాయింట్ రెండు వస్తదా?"

"ఏం తింటుండట?"

"నెల రోజులసంది కొర్రలు."

కోమల నవ్వింది. "కొర్రలకు నోబెల్ బహుమతి రాయిద్దాం. స్వరూపా, అది ఆయన రక్తం గాదు."

స్వరూప లోపలికి వచ్చి కూర్చోకుండానే చెప్పింది. "ఈ నెత్తురు పేతురు బాపుది గాదు. ఎవరిదో ఈ కాగితంలకు వచ్చి చేరింది. ఊకె చేరిందా, ఎవరన్న చేర్పిచ్చిన్రా, అది నాకు తెల్వాలె."

ఆ మాట అంటూ ఇద్దరి ముఖాలూ చూసింది. అనిల్ వంగి కాగితం మీద తండ్రి పేరు వెతుక్కున్నాడు. విజయేందర్ ఎడమ భుజం మీద చేయి వేసి మెల్లగా రుద్దుకున్నాడు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత పుట్టిందే ఇలాంటివాళ్ళను చూసి కాబోలని స్వరూప అనుకుంది. మనసులో అతని పేరు పక్కన ఒక గీత గీసింది.

"ఓడిపోతున్నవని ల్యాబోళ్ళ మీద పడ్తున్నవా?" అన్నాడు విజయేందర్. నుదురు తుడుచుకున్నాడు. ఫిబ్రవరి నెల, పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"ల్యాబును అంటలే. రక్తం తీసిన్నాడు బాపు వెంట ఎవలున్నరు?"

"నేను డ్యూటీల ఉన్న" అన్నాడు అనిల్. "చర్చి హాల్ల పెట్టిన ఉచిత క్యాంపు. ఊరు ఊరంత వచ్చింది."

"నువ్వున్నవా అన్నా?"

విజయేందర్ గోలీని ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకున్నాడు. "కేసు నాది. నేను యాడుంటనో పోటీదారుకు చెప్తనా? ఐదు గంటలకు కల్సుకుందాం మేడం. అప్పటిదాంక తిరుగు. నడిస్తే ఆరోగ్యం."

బయటికి పోతూ రెండు మెట్లు దిగి, కారు తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఎంత నటిస్తున్నాడో అని స్వరూప ముచ్చటపడింది.

చర్చి హాలు కాలనీ చివర ఉంది. లోపల కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. క్యాథరిన్ టీచరమ్మ నిచ్చెన మీద నిలబడి తన పెళ్ళికి తానే కాగితపు తోరణాలు కడుతోంది.

"నిచ్చెన దిగున్రి టీచరమ్మా. పెండ్లికూతురు కాలిరగ్గొట్టుకుంటే గది సుత రిపోర్టుల రాస్తరు."

"పెండ్లి ఉంటదా ఉండదా తెలుసుకుని దిగుత" అంది టీచరమ్మ. ఒక ముడి వేసి, పళ్ళతో దారం కొరికింది. "స్వరూపా, నీకు నిజం చెప్త. ఆయన గుండెకేదన్నా ఉన్నా నేను చేసుకుంట. ఈ వయసుల గుండె మంచిగున్నోన్నే చేసుకుంటనంటె కాలేజీ పిల్లగాండ్లే దొరుకుతరు. నా భయం వేరే. ఆయన ఆరేండ్ల సంది అడుగుతుండు. రెండుసార్లు వద్దన్న. మూడోసారి ఏ పూనకంల ఊ అన్ననో. వాయిదా పడితే మల్ల ఊ అంటనో అననో, నా మీద నాకే నమ్మకం లేదు."

స్వరూపకు నవ్వొచ్చింది, గుండె కూడా కాస్త కలుక్కుమంది. "క్యాంపు నాడు మీరున్నరా?"

"నేనే నడిపిచ్చిన. అగో, ఆడ పేర్లు రాసుకున్నరు. ఈ బెంచీల మీద కూసునుడు. ఆ తెర ఎనుక రక్తం తీసుడు." టీచరమ్మ నిచ్చెన దిగింది. "ల్యాబోళ్ళు కాగితం టోకెన్లు తెచ్చిన్రు. అరచేతుల చెమటకు నలిగి పీలికలైతున్నయి. నేనే మా బిళ్ళలు తీసిచ్చిన."

"ఏం బిళ్ళలు?"

టీచరమ్మ బీరువాలోంచి ఒక బిస్కెట్ డబ్బా తీసింది. మూత తీస్తే గుండ్రటి ఇత్తడి బిళ్ళలు, ఒక్కొక్క దాని మీద ఒక్కో నంబరు, చిన్న చిల్లు. "చెప్పుల స్టాండువి. సువార్త సభలప్పుడు వాడ్తం."

స్వరూప గట్టిగా గాలి పీల్చుకుంది. ఊరి గుండెకాయల భవిష్యత్తు మొత్తం చెప్పుల స్టాండు బిళ్ళల మీద నడిచిందన్నమాట. "పేరు రాసుకునే కాడ బిళ్ళ ఇచ్చిన్రు. తెర ఎనుక పేరడిగిన్రా?"

"లేదు. బిళ్ళ తీసుకుని, ఆ నంబరు సీసా మీద రాసి, బిళ్ళను ఈ డబ్బాల వెయ్యమన్నరు."

"ఒక బల్ల కాడ పేరు, ఇంకో బల్ల కాడ నంబరు. నడుమ బెంచీలు." స్వరూప బెంచీల మధ్య అటూ ఇటూ నడిచింది. దొంగతనానికి కిటికీ దొరికింది. కానీ దొంగ ఎవరో తెలియదు. "బిళ్ళలన్ని తిరిగొచ్చినయా?"

లెక్కల టీచరు ముఖం చిన్నబోయింది. "ఒకటి రాలే. డెబ్బై నాలుగు. ఎవరో పిల్లలు ఎత్తుకపోయిన్రనుకున్న."

"పేతురు బాపుకు ఏ నంబరిచ్చిన్రు?"

"ముప్పై ఒకటి. నా చేతులతోనే ఇచ్చిన. రిపోర్టు మీద సుత అదే ఉన్నది."

అవును, రిపోర్టు మూల మీద ముప్పై ఒకటి అని స్వరూప చూసింది. ముప్పై ఒకటో బిళ్ళ డబ్బాలో బుద్ధిగా ఉంది. మరి డెబ్బై నాలుగు ఎక్కడ?

బయట సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. పేతురు లోపలికి వచ్చాడు. తెల్ల అంగీ, భుజానికి ఢోలక్. పెళ్ళి ఆగినా పాటల ప్రాక్టీసు ఆగకూడదనే మనిషి. టీచరమ్మను చూసి నవ్వబోయి, పరాయి మనిషి ఉందని సగంలో ఆపేశాడు.

"ఏం బిడ్డా, నా నెత్తురు కథ ఒడిసిందా?"

"మీరు చెప్తేనే ఒడుస్తది బాపూ. మీ జేబులు సూపెట్టున్రి."

పేతురు చేయి తెలియకుండానే అంగీ జేబు మీదికి పోయింది. స్కూల్లో చాక్‌పీసు దొంగిలించిన పిల్లవాడి ముఖం టీచరమ్మ ఆనవాలు పట్టింది. చేయి చాపింది. ఆయన నెమ్మదిగా జేబులోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి ఆ చేతిలో పెట్టాడు.

డెబ్బై నాలుగు. చిల్లులో కొత్త నల్లదారం కూడా కట్టి ఉంది.

"చర్చి సొమ్ము" అంది టీచరమ్మ.

"పాస్టరయ్య ముంగట ఒప్పుకుందామనుకున్న. శనివారం అయినంక" అన్నాడు పేతురు. "నీకు తెల్వదు క్యాథరిన్. బాయిల నా నంబరు డెబ్బై నాలుగు. ముప్పై ఏండ్లు. ల్యాంప్ రూంల బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుందుము. పైకొచ్చి దీపమిచ్చి బిళ్ళ తీసుకుందుము. బిళ్ళ గోడకే ఉన్నదంటే మనిషి ఇంక లోపల్నే ఉన్నట్టు. రిటైరైన్నాడు లాగేసుకున్నరు. గా దినం ఈడ కూసుంటే పక్కాయన చేతుల నా నంబరు తళతళ మెరుస్తంది. పాణం ఆగలే."

"మార్చుకున్నరు" అంది స్వరూప. "రక్తం తియ్యకముందే."

"అడిగిన. సారూ గది నాది, గిది మీరు తీసుకోన్రి అన్న. నాది ముప్పై ఒకటి, ముందుగాల పిలుస్తరు గదా. ఆయన సంబురంగ ఇచ్చిండు. మస్తు తొందర మనిషి." పేతురు గొంతు తగ్గింది. "డెబ్బై నాలుగు సూపెట్టి సీసా మీద నంబరు రాయించిన, బిళ్ళను డబ్బాల మాత్రం ఎయ్యలే."

టీచరమ్మ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. మొదట నోరు మూసుకుని నవ్వింది, తర్వాత మూసుకోవడం మానేసింది. పేతురు గుండెకు ఏమీ లేదు. కుట్ర లేదు, దొంగ లేడు. ఉన్నదల్లా ముప్పై ఏళ్ళ అలవాటు ఒక్కటే. స్వరూపకూ నవ్వొచ్చింది.

ఆ నవ్వు సగంలోనే ఆగింది.

"బాపూ, ముప్పై ఒకటి ఎవలకిచ్చిన్రు?"

"పేరడుగలే. తెల్లంగి, చేతికి పెద్ద గడియారం. కరీంనగర్ మనిషట, గీడ ఏదో పని మీదొచ్చిన అన్నడు. కూసున్నంత సేపు నోట్ల తెల్లగోలీ సప్పరిచ్చుకుంటనే ఉన్నడు. గ్యాసట."

స్వరూప ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. చక్కెర లేని టీ. ఖాందాన్‌లో ఎన్నడూ లేని షుగర్. ఫ్యాను కింద చెమట. మెట్లు దిగి కారు తలుపు పట్టుకుని నిలబడ్డ మనిషి. దొంగ భుజం తడుముకున్నాడని తాను గీసుకున్న గీత. తడుముకోలేదు. నొప్పి పుట్టి రుద్దుకున్నాడు. ఒక సామెత అడ్డమొచ్చి, ఎదుట ఉన్నది కళ్ళకు ఆనలేదు.

స్వరూప విజయేందర్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. రెండోసారి కట్ చేశాడు. పోటీదారు ఫోన్ కదా. కోమలకు చేస్తే ఆమె చివరిదాకా విననే లేదు. "నిలబడ్డా, కూసున్నా సరే, నడవనియ్యకు. కారుల పండబెట్టి మంచిర్యాలకు పోన్రి, గుండె హాస్పిటల్‌కు. నేను ఫోన్ చేసి చెప్త. ఆస్ప్రిన్ ఉంటే నమిలించు. మింగుడు గాదు, నమలుడు."

"నా సంచిల ఉన్నది" అంది టీచరమ్మ. ఎందుకని ఎవరూ అడగలేదు. వరుడి రిపోర్టు విన్న రోజే కొని పెట్టుకుందని ఆమె ముఖమే చెబుతోంది.

స్వరూప అతన్ని వెతకడానికి గుమ్మం దాటేలోగానే, ఐదింటికి ఇంకా పావుగంట ఉందనగా, విజయేందర్ వచ్చాడు. వెనకాల అనిల్. విజయేందర్ చేతిలో రిపోర్టు కవరు, అంగీ వీపుకు అతుక్కుపోయి ఉంది. గుమ్మంలోనే ఆగి, ఊపిరి తీసుకుని, "కమిటీ రాలేదా ఇంక?" అన్నాడు.

"కూసో అన్నా."

"కూసుంట గని మేడం, ముందుగాల నువ్వు ఓడినవని ఒప్పుకో."

"ఒప్పుకున్న. కూసో."

పదేళ్ళలో ఆమె నోట ఎప్పుడూ రాని మాట అది. విజయేందర్‌కు అనుమానమొచ్చింది. "ఏందిది? ఏదో నాటకం."

అప్పుడు పేతురు ఢోలక్ పక్కన పెట్టి ముందుకొచ్చాడు. ముఖం వెలిగిపోయింది. "అగో, మీరేనా సారూ? నా బిళ్ళ నాకిచ్చిన మారాజు మీరేనా? క్యాథరిన్, గీ సారే."

విజయేందర్ ఆయన్ను చూశాడు. వారం రోజులు వెంటపడ్డ మనిషిని అతను కాగితాల మీద, ఫోటోల్లో, వెనకనుంచి చూశాడు గానీ, బెంచీ మీద పక్కన కూర్చున్నప్పుడు గోలీ వెతుక్కుంటూ ముఖమైనా చూడలేదు. "ఆ దినం బెంచీ మీద... మీరా?"

"అన్నా, నీకు షుగర్ లేదు" అంది స్వరూప. వీలైనంత మెల్లగా చెప్పింది. "నువ్వు మానేసిన సక్కెర ఈ బాపుది. పిల్లగాని గుండె సుత ఈయనదే. నీ చేతుల కవర్ల ఉన్నది నీ నెత్తురు."

"పెండ్లి ఆపొద్దని ఇన్ని కథలా?"

"షుగరు మీ ఇంట్ల ఎవలకు లేదు, నువ్వే అన్నవు. మీ బాపు గ్యాసుతోని ఎన్ని ఏండ్లకు పోయిండు?"

విజయేందర్ చేయి కవరు మూత మీదికి పోయింది. అనిల్ మాత్రం తండ్రి వైపు, కవరు వైపు, మళ్ళీ తండ్రి వైపు చూసి, నిలబడ్డచోటే రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మూడు రోజుల నిద్ర ఒక్కసారి మీద పడ్డట్టుంది. "బాపూ, నీకేం లేదా" అన్నాడు చేతుల్లోంచి.

"షుగర్ ఉన్నదిరా. మీ ఆమెకు చెప్పకు, కొర్రలు ఇంక ఎక్కువ పెడ్తది."

విజయేందర్ కవరు తెరిచాడు. అంతకుముందు పదిసార్లు చదివిన ఎర్రక్షరాలనే మళ్ళీ చదివాడు. వేరేవాళ్ళవి అనుకున్నప్పుడు అవి ఎంత ముద్దుగా ఉన్నాయో, ఇప్పుడంత లేవు. "యాభై రెండు" అన్నాడు నెమ్మదిగా. "బాపు యాభై రెండేండ్లకు. అన్న యాభైకే. నాకిప్పుడు..." చేయి ఎడమ భుజం మీదికి పోయింది. అక్కడినుంచి దవడ దాకా పాకింది. కాగితాలు జారి నేల మీద పడ్డాయి.

అతను పడిపోకముందే పేతురు పట్టుకున్నాడు. అంతసేపూ దొంగిలించిన బిళ్ళకు సిగ్గుపడుతున్న ముసలాయన ఎటు పోయాడో తెలియదు. ఆయన గొంతే మారిపోయింది. బాయిలో రెస్క్యూ పని చేసినవాడి గొంతు అది, ఒక్కొక్క మాటా ఇనుప పట్టా మీద సుత్తి పడ్డట్టుంది.

"అనిల్, కారు తలుపు దాంక తే. క్యాథరిన్, గోలీ. నమలు సారూ, సప్పరిచ్చుడు గాదు, నమలు. కాళ్ళు నేనెత్తుత, బిడ్డా నువ్వు తల పట్టు. మాట్లాడకు సారూ. మాటలకు గాలి ఖర్చయితది."

కారు కాలనీ దాటి మెయిన్ రోడ్డెక్కేసరికి అనిల్ చేయి హారన్ మీదే ఉంది. ముందు సీట్లో స్వరూప ఫోన్‌లో కోమల చెప్పేది వింటోంది. హాస్పిటల్‌లో మనుషులు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. తలుపు తీసేలోగా స్ట్రెచర్ వస్తుంది. ఇక రోడ్డొకటే మిగిలింది. వెనక సీట్లో పేతురు ఒళ్ళో విజయేందర్ తల ఉంది. ఏసీ వేసినా అతని నుదురు ఆరడం లేదు.

"మేడం" అన్నాడు అతను కళ్ళు మూసుకునే.

"మాట్లాడొద్దన్నరు గదా."

"ఒక్కటే. గీ పెండ్లికి... నాకేం అభ్యంతరం లేదని... కమిటీకి చెప్పు."

స్వరూప అద్దంలో అతన్ని చూసింది. ఈ మనిషి బతకాలి, ఇతను లేకపోతే కరీంనగర్‌లో తాను ఎవరితో పోట్లాడుతుంది అని మొదటిసారి అనిపించింది. "శనివారం వచ్చి నువ్వే చెప్పు. టీచరమ్మ కుర్చీ వేపిస్తది."

అతని ముఖం మీద నవ్వులాంటిది ఒకటి మొదలై, నొప్పికి వంకర తిరిగింది. "మా ఇంటికి... కబురు..."

పేతురు జేబులో వెతికి నల్లదారం కట్టిన బిళ్ళ తీశాడు. టీచరమ్మ ఎప్పుడు తిరిగి ఇచ్చిందో, లేక ఈ హడావుడిలో ఆయనే మళ్ళీ కాజేశాడో, స్వరూప అడగదలచుకోలేదు. ఆయన దాన్ని విజయేందర్ అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు.

"మీ కబురే తప్పిపోయి మొదలు మా ఇంటికొచ్చింది సారూ, బాయి లోపలున్నది మీరు" అన్నాడు. "బిళ్ళ చేతికొచ్చినోడు పైకొచ్చినట్టే లెక్క, గట్టిగ పట్టుకోన్రి. దవాఖాన్ల నుంచి బయటికొచ్చినంక నాకిద్దురు. ఎల్లుండి నాకు పెండ్లున్నది, తొందరగ రాన్రి."

ఎదురుగా రైల్వే గేటు పడుతోంది. అనిల్ హారన్ మీది చేయి తీయకుండానే తల వెనక్కి తిప్పి తండ్రిని చూశాడు.

"పోనియ్యిరా" అన్నాడు పేతురు.

విజయేందర్ పిడికిట్లో బిళ్ళ ఇంకా గట్టిగానే ఉంది.